చదును పాదాలు, నడక, అలసట: తరచుగా అడిగే ప్రశ్నలు

నేను సికింద్రాబాద్‌లో ఫిజియోథెరపీ చేస్తాను. నా రెండు పాదాలూ చదునే. ఆరేళ్ల వయసులో మా అమ్మ నన్ను చూపిస్తే, పక్కన ఇనుప పట్టీలున్న బరువైన బూట్లు రాసిచ్చారు. రెండేళ్లు వేసుకున్నాను. ఆ రెండేళ్లూ ఆటల పీరియడ్‌లో గట్టు మీదే కూర్చున్నాను. పాదం మాత్రం ఏమీ మారలేదు. ఇప్పుడు పిల్లల్ని తీసుకొచ్చే అమ్మానాన్నల టెన్షన్ చూస్తే మా అమ్మే గుర్తొస్తుంది. వాళ్లూ, నడకకు వెళ్లే పెద్దవాళ్లూ, పోలీసు సెలక్షన్స్‌కి తయారయ్యే కుర్రాళ్లూ నన్ను మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాస్తున్నాను.

ఫ్లాట్ ఫుట్ అంటే ఏంటి?

నిలబడినప్పుడు అరికాలి లోపలి వైపు ఉండాల్సిన వంపు నేలకు ఆనిపోతే దాన్ని ఫ్లాట్ ఫుట్ అంటాం. ఇందులో రెండు రకాలు. బరువు మోపినప్పుడు చదునై, కాలు ఎత్తగానే వంపు తిరిగి కనిపించేది మెత్తని రకం. కూర్చున్నా, నిలబడ్డా, మునివేళ్ల మీద లేచినా చదునుగానే ఉండేది బిగుసుకున్న రకం. ఎక్కువమందికి ఉండేది మొదటిదే. అది చాలామందిలో జబ్బు కానే కాదు. కొందరి ముక్కు కొంచెం వెడల్పుగా ఉన్నట్టే, వీళ్ల పాదం ఇలా ఉంటుంది.

ఇంట్లోనే చూసుకోవచ్చా?

చూసుకోవచ్చు. మన పాత ఇళ్లలో షాబాద్ బండలు ఉంటాయి కదా, స్నానం చేసి వచ్చి పొడి బండ మీద మామూలుగా నడవండి. అచ్చులో మడమకీ వేళ్లకీ మధ్య లోపలి వైపు ఖాళీ కనిపిస్తే వంపు ఉన్నట్టు. అరికాలు మొత్తం పడితే చదును. బండలు లేకపోతే పాత న్యూస్‌పేపర్ చాలు.

అయితే అచ్చు చూసి ఆగిపోకండి. అసలు విషయం తెలిసేది తర్వాతి పరీక్షలోనే. గోడ పట్టుకుని మునివేళ్ల మీద లేవండి, వెనక నుంచి ఎవరినైనా చూడమనండి. మడమ కొంచెం లోపలికి తిరిగి, వంపు పైకి లేస్తే అది మెత్తని రకం. నిలబడి ఉండగా మరొకరు మీ బొటనవేలిని పైకి ఎత్తినా వంపు లేవాలి. లేవకపోతే, లేదా ఒంటి కాలి మీద మడమ ఎత్తలేకపోతే డాక్టరుకి చూపించుకోండి.

అసలు ఆ వంపు ఏం పని చేస్తుంది?

నాకు ఎంత చెప్పినా తనివి తీరని విషయం ఇది.

పాదంలో 26 ఎముకలున్నాయి. లోపలి వైపు అవి కమాను ఆకారంలో పేర్చి ఉంటాయి. అలాగని పాతబస్తీ చార్ కమాన్‌లా కదలకుండా నిలబడే రాతి కట్టడం కాదు. దీన్ని విల్లుతో పోల్చడం నయం. ఎముకలు విల్లు. మడమ నుంచి వేళ్ల మొదలు దాకా అరికాలి కింద సాగిన గట్టి పట్టీ, అంటే ప్లాంటార్ ఫేషియా, దాని నారి. బరువు పడగానే విల్లు కొంచెం చదునై నారి సాగుతుంది. బరువు తీయగానే మళ్లీ దగ్గరికొస్తుంది. అంటే పాదం అడుగు మోపేటప్పుడు మెత్తగా ఉండి, ఎత్తుపల్లాలకు తగ్గట్టు సర్దుకుంటుంది.

అడుగు చివర్లో మాత్రం మెత్తదనం పనికిరాదు. మడమ లేచి, వేళ్లతో నేలను వెనక్కి నెట్టేటప్పుడు పాదం గట్టి కర్రలా ఉండాలి. ఆ పనీ ఈ పట్టీయే చేస్తుంది. మడమ లేచినప్పుడు బొటనవేలు పైకి వంగుతుంది కదా, అప్పుడు బావి గిలక మీద చేంతాడు చుట్టుకున్నట్టు ఈ పట్టీ వేలి మొదట్లోని ఎముక చుట్టూ బిగుసుకుంటుంది. దాంతో మడమ, వేళ్లు దగ్గరికొచ్చి వంపు పైకి లేస్తుంది. 1954లో హిక్స్ అనే వైద్యుడు దీన్ని వివరించాడు. కండరం ఏమంత కష్టపడకుండానే పాదం గట్టిపడే ఏర్పాటు ఇది. బొటనవేలు ఎత్తే పరీక్షలో మనం చూసేది కూడా ఈ గిలక పని చేస్తుందా లేదా అనే.

ఇంకో వంపు కూడా ఉంది, దాని గురించి తక్కువమందికి తెలుసు. పాదానికి అడ్డంగా, చిటికెన వేలి వైపు నుంచి బొటనవేలి వైపుకి ఉండేది. పది రూపాయల నోటును ఒక చివర పట్టుకుంటే రెండో చివర వాలిపోతుంది. అదే నోటును నిలువునా కొంచెం దొన్నెలా వంచి పట్టుకోండి, తిన్నగా నిలబడుతుంది. పాదంలోనూ అంతే. 2020లో మధుసూదన్ వెంకటేశన్ బృందం నేచర్ పత్రికలో ప్రచురించిన పరిశోధన ప్రకారం, పాదం గట్టిదనంలో 40 శాతానికి పైగా ఈ అడ్డ వంపు వల్లే వస్తుంది. కాబట్టి లోపలి వైపు వంపు కనిపించనంత మాత్రాన ఆ పాదం బలహీనమని తీర్మానించలేం.

వంపు లేకపోతే నడవడానికి ఎక్కువ శక్తి ఖర్చవుతుందా?

చాలామందిలో తేడా ఉన్నా చాలా చిన్నది. పరుగులో వంపు పాత్ర పెద్దది, మామూలు నడకలో అంత కాదు.

ఎందుకంటే నడక, పరుగు రెండూ వేర్వేరు పద్ధతుల్లో శక్తిని ఆదా చేస్తాయి. నడిచేటప్పుడు మోపిన కాలు కర్రలా నిలబడితే, ఒళ్లు దాని మీదుగా తలకిందులైన లోలకంలా ముందుకి ఊగుతుంది. పైకి లేచినప్పుడు కూడిన శక్తి కిందికి దిగేటప్పుడు వేగంగా మారుతుంది. పరుగులో అలా కాదు, బంతి నేలను తాకి ఎగిరినట్టు ప్రతి అడుగుకీ ఒళ్లు ఎగురుతుంది. అక్కడ పని చేసేవి స్ప్రింగులే. పిక్క కండరాన్ని మడమ ఎముకకు కలిపే తాడు, అంటే అకిలిస్ టెండన్, పెద్ద స్ప్రింగు, పాదం వంపు చిన్న స్ప్రింగు. ఇంగ్లండ్‌లో అలెగ్జాండర్ అనే పరిశోధకుడు, ఆయన సహచరులు వైద్య కారణాలతో తొలగించిన పాదాలను యంత్రంలో నొక్కి కొలిచారు. పరుగులో ఒక్కో అడుగుకి చేతులు మారే యాంత్రిక శక్తిలో సుమారు 35 శాతాన్ని అకిలిస్ టెండన్, 17 శాతాన్ని పాదం వంపు దాచి తిరిగిస్తాయని 1987లో రాశారు.

2016లో మరో బృందం ఆరోగ్యంగా ఉన్నవాళ్ల బూట్లలో, వంపు కిందికి దిగకుండా ఆపే ఇన్సోల్స్, అంటే బూటు లోపల అరికాలి కింద పరిచే అట్టలు, పెట్టి చూసింది. చదును నేల మీద పరుగెత్తినప్పుడు శక్తి ఖర్చు 6 శాతం దాకా పెరిగింది. నడిచినప్పుడు తేడా రాలేదు. ఎత్తు మీదికి పరుగెత్తినప్పుడూ రాలేదు. ఈ ప్రయోగం మామూలు పాదాల మీద చేసింది కాబట్టి దీన్ని చదును పాదాలకు ఉన్నదున్నట్టు అన్వయించకూడదు. అయినా నడకలో ఆ స్ప్రింగు మీద మనం పెద్దగా ఆధారపడటం లేదని తెలుస్తుంది.

దీనికి రెండో వైపు కూడా చెప్పాలి. చదును పాదాలున్నవాళ్లకి ఆర్చ్ సపోర్ట్, అంటే వంపు కింద ఆసరాగా ఉండే అట్ట, పెట్టి నడిపిస్తే ఆక్సిజన్ వాడకం తగ్గిందని 1988లో తుర్కియే పరిశోధకులు ఒక చిన్న అధ్యయనంలో చూపించారు. బాగా వదులుగా ఉన్న పాదాల్లో అడుగు చివర్లో ఆ గట్టిదనం రాక, నెట్టిన బలం కొంత వృథా అవుతుంది. కాబట్టి అలాంటివాళ్లలో కొంత అదనపు ఖర్చు ఉండటం సహజమే.

కొంత అంటే ఎంత? ఒక లెక్క వేసి చూద్దాం. 70 కిలోల మనిషి చదును దారిలో కిలోమీటరు నడిస్తే సుమారు 50 కిలో క్యాలరీలు ఖర్చవుతాయి. చదును పాదం వల్ల 5 శాతం ఎక్కువ అవుతుందనే అనుకుందాం. ఐదు కిలోమీటర్లకి అదనంగా పన్నెండున్నర కిలో క్యాలరీలు. చిన్న చెంచాడు పంచదారలో 16 ఉంటాయి.

మరి నాకు అందరికన్నా ముందే కాళ్లు ఎందుకు లాగేస్తాయి?

ఎక్కువగా వినే బాధ ఇదే. కోఠిలో చీరల షాపులో నిలబడే అమ్మాయిలు, నర్సులు, ట్రాఫిక్ డ్యూటీ చేసేవాళ్లు, అందరూ ఇదే మాట చెబుతారు. "మేడమ్, ఆయాసం ఏమీ రాదు. పాదం లోపలి వైపు, పిక్క కింద లాగేస్తుంది." ఆ మాటలోనే జవాబు ఉంది.

ఒళ్లంతా కలిపి ఖర్చయ్యే శక్తి వేరు, ఒక్క కండరం అలిసిపోవడం వేరు. పిక్క లోతులో టిబియాలిస్ పోస్టీరియర్ అనే కండరం ఉంది. దాని టెండన్ చీలమండ లోపలి వైపు నుంచి దిగి, వంపును పైకి పట్టుకుంటుంది. చదును పాదంలో ఎముకలు, పట్టీలు ఊరికే మోయాల్సిన బరువులో కొంత ఈ కండరం మీద పడుతుంది. చిన్న కండరం కాబట్టి మొత్తం క్యాలరీల లెక్కలో అది కనిపించదు. కానీ రోజంతా గోనె సంచిని పట్టుకుని నిలబడ్డ చేతిలా అలిసిపోతుంది. నడకలో అయితే రెండో కాలు నేల మీద ఉన్నంతసేపూ దీనికి విశ్రాంతి దొరుకుతుంది. కదలకుండా నిలబడితే అదీ ఉండదు. అందుకే చాలామందికి గంట నడక కన్నా గంట నిలబడటమే కష్టం.

కాబట్టి మీ అలసట నిజం, మీరు బద్ధకస్తులు కాదు. నిలబడే ఉద్యోగమైతే కాళ్ల కింద రబ్బరు మ్యాట్ వేసుకోండి, పావుగంటకోసారి నాలుగడుగులు వేయండి, వీలైనప్పుడల్లా మడమలు ఎత్తి దించండి. షాపు యజమానులు ఇది చదువుతుంటే వాళ్లకి ఒక మాట. కౌంటర్ వెనక ఒక స్టూల్ వేయించండి, కస్టమర్లు లేనప్పుడు కూర్చోనివ్వండి.

నడకలో శక్తి ఖర్చును నిజంగా పెంచేవి ఏవి?

మొదటిది ఎత్తు. పది మీటర్లు ముందుకి వెళ్తే ఒక మీటరు పైకి లేచే దారిలో, చదును నేలతో పోలిస్తే ఖర్చు ఇంచుమించు రెట్టింపు అవుతుంది. మన ఊరు రాతి గుట్టల మీద కట్టింది. జూబ్లీహిల్స్, బంజారాహిల్స్ రోడ్లు ఎక్కేవాళ్లకి ఆయాసం వస్తే తప్పు పాదాలది కాదు. అదే వాలులో దిగేటప్పుడు ఖర్చు చదును నేల కన్నా తగ్గుతుంది, కాకపోతే మోకాళ్ల మీద, ఆ టిబియాలిస్ మీద భారం పెరుగుతుంది.

రెండోది బరువు. ఒంటి బరువైనా, భుజాన బ్యాగైనా మోయక తప్పదు. అందులోనూ కాలి చివర తొడిగిన బరువు అన్నిటికన్నా ఖరీదైనది, ఎందుకంటే ప్రతి అడుగుకీ దాన్ని ముందుకి విసరాలి. పరుగులో అయితే ఒక్కో బూటుకి 100 గ్రాములు పెరిగితే ఖర్చు దాదాపు 1 శాతం పెరుగుతుంది. నా చిన్నప్పటి ఇనుప పట్టీల బూట్లు నన్ను ఎంత అలసిపోయేలా చేశాయో ఇది చదివిన రోజే నాకు అర్థమైంది.

మూడోది వేగం. మరీ నెమ్మదిగా నడిచినా, మరీ గబగబా నడిచినా కిలోమీటరుకి అయ్యే ఖర్చు పెరుగుతుంది. గంటకి నాలుగున్నర, ఐదు కిలోమీటర్ల దగ్గర అది అతి తక్కువ. ఎవరూ చెప్పకపోయినా మన కాళ్లు దాదాపు ఆ వేగాన్నే ఎంచుకుంటాయి. బరువు తగ్గడానికి నడిచేవాళ్లు మాత్రం దానికన్నా కొంచెం వేగంగా నడవాలి.

మా బాబుకి మూడేళ్లు. పాదాలు పూర్తిగా చదునుగా ఉన్నాయి. బూట్లు చేయించాలా?

వద్దు. పుట్టిన పిల్లలందరి పాదాలూ చదునే. అరికాలిలో కొవ్వు ఉంటుంది, కీళ్లు వదులుగా ఉంటాయి. వంపు మొదటి పదేళ్లలో మెల్లగా వస్తుంది. అమెరికాలో 1989లో ప్రచురించిన ఒక అధ్యయనంలో పిల్లల్ని మూడేళ్ల పాటు ప్రత్యేకమైన బూట్లతో, ఇన్సోల్స్‌తో చూశారు. ఏ చికిత్సా తీసుకోని పిల్లలతో పోలిస్తే వాళ్ల పాదాల్లో తేడా రాలేదు. బాబు నొప్పి అంటున్నాడా, పరుగెత్తుతున్నాడా, మునివేళ్ల మీద లేస్తే వంపు వస్తోందా, ఇవి చూడండి. నొప్పి లేకుండా ఆడుకుంటుంటే ఆడుకోనివ్వండి.

పాదం బిగుసుకుని ఉన్నా, ఒక కాలు మాత్రమే చదునుగా ఉన్నా, ఎనిమిది, పదేళ్ల తర్వాత కొత్తగా నొప్పి మొదలైనా చూపించాలి. కొందరికి పాదంలో రెండు ఎముకలు పుట్టుకతోనే అతుక్కుని ఉంటాయి, అది ఆ వయసులోనే బయటపడుతుంది.

చెప్పులు లేకుండా నడిస్తే వంపు వస్తుందంటారు. నిజమేనా?

కొంత ఆధారం ఉంది, అదీ మన పక్క రాష్ట్రం నుంచే. 1992లో రావు, జోసెఫ్ అనే కర్ణాటక వైద్యులు 2300 మంది పిల్లల పాదాల అచ్చులు పరిశీలించారు. చెప్పులు, బూట్లు వేసుకునే పిల్లల్లో 8.6 శాతానికి, వట్టి కాళ్లతో తిరిగే పిల్లల్లో 2.8 శాతానికి ఫ్లాట్ ఫుట్ కనిపించింది. ముందు మూసి ఉండే బూట్లు వాడేవాళ్లలో ఇది ఎక్కువ. అలాగని మే నెల తారు రోడ్డు మీదికి పిల్లల్ని వట్టి కాళ్లతో పంపమని కాదు. ఇంట్లో, డాబా మీద, పార్కులో గడ్డి మీద తిరగనిస్తే చాలు. స్కూలు బూట్లు ఇంటికి రాగానే విప్పించండి. పెద్దవాళ్లలో ఎముకలు కుదురుకున్నాక వట్టి కాళ్ల నడకతో కొత్తగా వంపు వస్తుందని మాత్రం ఆశ పెట్టుకోకండి.

ఇన్సోల్ కొనాలా? ఎంసీఆర్ చెప్పులు మంచివేనా?

నొప్పి లేకపోతే ఏదీ కొనక్కర్లేదు. నొప్పి ఉంటే ఆర్చ్ సపోర్ట్ పని చేయొచ్చు. అది ఆ చిన్న కండరం మోసే భారంలో కొంత తీసుకుంటుంది. వంపును కొత్తగా తయారు చేయదు, తీసేస్తే పాదం మామూలే. ఎంసీఆర్ చెప్పులు, అంటే సన్నని గాలి గదులున్న రబ్బరుతో చేసినవి, మెత్తగా ఉండి మడమ నొప్పికి హాయినిస్తాయి. కానీ వంపుకి ఆసరా కావాలంటే వట్టి మెత్తదనం చాలదు.

బూట్లు కొనేటప్పుడు మూడు చూడండి: మడమ పట్టుకునే వెనక భాగం గట్టిగా ఉండాలి, తడిగుడ్డలా మెలితిప్పితే తిరగకూడదు, వేళ్ల దగ్గర మాత్రమే వంగాలి. ఆ మూడూ ఉన్నవాటిలో తేలికైనది తీసుకోండి. పాదాలు కొంచెం ఉబ్బి ఉండే సాయంత్రం పూట వెళ్లడం మంచిది.

ఏ వ్యాయామాలు చేయాలి?

నేను మొదట నేర్పేది పిక్క సాగదీయడం. గోడకు చేతులు ఆనించి, ఒక కాలు వెనక్కి పెట్టి, మోకాలు తిన్నగా, మడమ నేలకు ఆనించి అర నిమిషం ఉండాలి. రెండు కాళ్లకీ మూడేసి సార్లు. కెనడాలో 1940లలో సుమారు 3600 మంది సైనికుల పాదాలు పరీక్షించిన హారిస్, బీత్ తేల్చింది ఏంటంటే, మెత్తని చదును పాదం ఒక్కటే ఉంటే ఇబ్బంది లేదు, దానికి తోడు అకిలిస్ టెండన్ పొట్టిగా ఉంటేనే బాధ. పిక్క బిగుసుకుంటే మడమ ముందే లేవాలని చూస్తుంది, ఆ ఒత్తిడికి పాదం మధ్యలో కుంగుతుంది.

రెండోది, మడమల మధ్య టెన్నిస్ బంతి పెట్టి నొక్కుతూ మునివేళ్ల మీద లేవడం. పదితో మొదలుపెట్టండి. మూడోది, వేళ్లు ముడవకుండా బొటనవేలి మొదలును మడమ వైపు లాగి వంపు చేయడం. మొదట్లో ఎవరికీ రాదు. కూర్చుని చేయండి, వారంలో పట్టు దొరుకుతుంది. ఫలితానికి రెండు, మూడు నెలలు పడుతుంది. వంపు ఎత్తు పెరక్కపోయినా నొప్పి తగ్గుతుంది.

కానిస్టేబుల్ సెలక్షన్స్‌కి తయారవుతున్నాను. ఫ్లాట్ ఫుట్ ఉంటే తీసేస్తారా?

తెలంగాణ పోలీసు నియామకాల నోటిఫికేషన్లలో ఫ్లాట్ ఫుట్‌ను అనర్హత జాబితాలో పేర్కొంటూ వచ్చారు. 1600 మీటర్లు గడువులోగా పరుగెత్తినవాళ్లకి కూడా మెడికల్‌లో ఇబ్బంది రావచ్చు. అందుకే కోచింగ్‌కి అప్పు చేసి డబ్బు కట్టే ముందే ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో ఆర్థోపెడిక్ డాక్టరుకి చూపించుకుని, ఆ ఏడాది నోటిఫికేషన్ పూర్తిగా చదవండి. రెండు నెలల్లో వంపు తెప్పిస్తామని చెప్పేవాళ్లకి డబ్బులివ్వకండి.

ఈ నిబంధన గురించి నా అభిప్రాయం కూడా చెబుతాను. 1993లో వెలువడిన ఒక అధ్యయనంలో 246 మంది అమెరికా సైనిక శిక్షణార్థులను గమనిస్తే, బాగా చదునైన పాదాలున్నవాళ్లకి గాయాలు తక్కువే అయ్యాయి, ఎత్తు వంపు ఉన్నవాళ్లకే ఎక్కువయ్యాయి. ఆకారం చూసి కాకుండా, పాదం ఎంత పని చేయగలదో చూసి ఎంపిక చేయడం న్యాయమని నేను నమ్ముతాను.

హైదరాబాద్ మారథాన్‌కి పరుగెత్తొచ్చా?

నొప్పి లేకపోతే నిక్షేపంగా పరుగెత్తండి. ఫ్లైఓవర్లు ఎక్కి దిగాలి కాబట్టి పిక్కల్ని ముందు నుంచీ సిద్ధం చేసుకోండి, దూరం మెల్లగా పెంచండి.

నలభై ఎనిమిదేళ్లు. ఈ మధ్య ఒక్క కాలే చదునైపోతోంది.

దీన్ని వదిలేయకండి. పుట్టుకతో వచ్చిన చదును వేరు, మధ్య వయసులో కొత్తగా వచ్చేది వేరు. ఇందాక చెప్పిన టిబియాలిస్ టెండన్ అరిగి సాగిపోతే ఇలా అవుతుంది. నలభై దాటిన ఆడవాళ్లలో, అధిక బరువు, షుగర్, బీపీ ఉన్నవాళ్లలో ఎక్కువ చూస్తాం. చీలమండ లోపలి వైపు వాపు, నొప్పి, ఒంటి కాలి మీద మడమ ఎత్తలేకపోవడం దీని గుర్తులు. తొందరగా వస్తే పట్టీతో, ఇన్సోల్‌తో, వ్యాయామాలతో చాలామంది కుదుటపడతారు. ఆలస్యమైతే పాదం ఆ వంకరలోనే బిగుసుకుపోతుంది.

షుగర్ ఉంది. పాదం వాచి వేడిగా ఉంది కానీ నొప్పి పెద్దగా లేదు. నడవొచ్చా?

నడవకండి. ఈ పేజీలో మీరు ఒక్క జవాబే చదివితే ఇదే చదవాలని నా కోరిక. షుగర్ వల్ల పాదంలో స్పర్శ తగ్గినవాళ్లకి, ఎముకలు మెత్తబడి విరుగుతున్నా నొప్పి తెలియదు. దీన్ని షార్కో ఫుట్ అంటారు. రెండో పాదం కన్నా ఈ పాదం వేడిగా, ఎర్రగా, వాచి ఉంటే ఆ కాలి మీద బరువు మోపడం మానేసి ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి. అలాగే నడుస్తూ పోతే కొన్ని వారాల్లోనే వంపు కూలిపోయి, అరికాలు కిందికి ఉబ్బి, పుండు పడుతుంది. చాలా ఇళ్లలో బెణికిందని పట్టు వేసి, వాకింగ్ మాత్రం ఆపరు. నా కళ్లతో చూశాను, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఆపరేషన్ అవసరమా?

చాలా తక్కువమందికి. నొప్పి నెలల తరబడి తగ్గకపోయినా, పాదం బిగుసుకుపోయినా ఆలోచిస్తారు. చూడటానికి బాగుండాలని మాత్రం ఎప్పుడూ చేయించుకోకండి.

ఎవరికి చూపించాలి?

ఆర్థోపెడిక్ ఓపీకి వెళ్లండి. గాంధీ, ఉస్మానియా ఆసుపత్రుల్లో, పంజాగుట్ట నిమ్స్‌లో ఆ విభాగాలున్నాయి. వెళ్లేటప్పుడు కొత్త బూట్లు కాకుండా, రోజూ తొడుక్కుని అరిగిపోయిన చెప్పులే వేసుకెళ్లండి. ప్యాంటు మోకాలి దాకా మడవడానికి వీలుగా ఉండాలి, ఎందుకంటే కాలు మొత్తం చూడాలి, మిమ్మల్ని నాలుగడుగులు నడిపించాలి. నిలబెట్టి, నడిపించి చూడకుండా, పడుకోబెట్టి అరికాలు మాత్రమే చూసి ఎవరైనా ఇన్సోల్ రాసిస్తే, "ఒకసారి నా నడక కూడా చూడండి" అని అడగండి.